మొదటి సైకిల్ కొనాలి, 15 వేల లోపు, విశాఖ. ఏది తీసుకోవాలి? ఏ షాపును నమ్మాలి?

వాల్తేరు టీచర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటాం, పెదవాల్తేరులో ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. ఇంటి నుంచి స్కూలు మూడు కిలోమీటర్ల లోపే. ఇన్నాళ్లూ షేర్ ఆటోలో వెళ్లాను. ఈ వేసవి సెలవులయ్యాక సైకిల్ మీద వెళ్లాలని గట్టిగా అనుకున్నాను. నా కోసం నేను కొనుక్కునే మొదటి సైకిల్ ఇదే.

తొక్కడం పూర్తిగా రానిదాన్ని కాదు. ఆరో తరగతిలో ఉన్నప్పుడు బొబ్బిలి దగ్గర మా ఊళ్లో అన్నయ్య సైకిల్ మీద నేర్చుకున్నాను. అడ్డ కమ్మీ ఉన్న పెద్ద సైకిల్. సీటు ఎక్కితే కాళ్లు అందవు కాబట్టి కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. ఒకరోజు చెరువు గట్టు మీద పడి మోకాలు చీరుకుపోయింది. ఆ తర్వాత అమ్మ నన్ను సైకిల్ ముట్టుకోనివ్వలేదు. అన్నయ్య అదే సైకిల్ మీద ఇంటర్ అయ్యేదాకా కాలేజీకి వెళ్లాడు. నాకది ఇప్పటికీ గుర్తుంది.

పోయిన వారం రెండు షాపులకు వెళ్లాను. మొదటి షాపులో లావు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, రెండు వైపులా డిస్క్ బ్రేకులు, 21 గేర్లు ఉన్న సైకిల్ చూపించి 13,500 అన్నారు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఎక్కి కూర్చుంటే కాలి వేళ్లు మాత్రమే నేలకు ఆనాయి, హ్యాండిల్ కోసం ముందుకు సాగాల్సి వచ్చింది. అదే చెబితే, "సైజు సమస్యే కాదు మేడం, సీటు దించుకుంటే సరిపోతుంది" అన్నారు. రెండో షాపులో అసలు తొక్కి చూడనివ్వలేదు. కొన్నాక తొక్కుకోమన్నారు.

మా ఆయనేమో ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలు తక్కువకు వస్తుంది కదా అంటున్నారు. మా బాబు 20 అంగుళాల సైకిల్ ఒకటి కింద పార్కింగ్‌లో పంక్చరై ఏడాదిగా పడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాదీ అలాగే అవుతుందేమోనని టెన్షన్.

నేను అడిగేది రెండే. నా ఎత్తుకు, మా రోడ్లకు ఎలాంటి సైకిల్ సరిపోతుంది? మంచి షాపు ఏదో నాలాంటి వాళ్లు ఎలా గుర్తుపట్టాలి?

రుషికొండ రైడర్ జవాబు

మేడం, ఆ లావు టైర్ల సైకిల్ మీకు వద్దు. అది మట్టి దారులకు, రాళ్ల దారులకు చేసింది. తారు రోడ్డు మీద లావు టైరు పట్టేసినట్టు ఉంటుంది, చెమట పడుతుంది కానీ బండి కదలదు. ఆ ధరలో వచ్చే స్ప్రింగు షాకులు బరువు పెంచుతాయి, ఎక్కుడులో మీరు తొక్కిన బలాన్ని కొంత మింగేస్తాయి.

హైబ్రిడ్ రకం చూడండి. సన్నం, లావు కాని మధ్యరకం టైర్లు, షాకులు లేని ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం), నిటారుగా కూర్చునే హ్యాండిల్. వెనక 7 గేర్లు, పెడళ్ల దగ్గర ఒకటే పళ్ల చక్రం ఉంటే చాలు. 21 గేర్లలో సగానికి సగం ఒకదాని మీద ఒకటి వచ్చేవే. నేను మధురవాడ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వారానికి మూడు రోజులు తొక్కుతాను. తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడులో తప్ప నా ముందు గేర్లు మార్చిన గుర్తే లేదు.

ఇంకొక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చీటీ చూపిస్తే అడగండి, బిల్లు తప్పకుండా తీసుకోండి.

పాత ఫిట్టర్ జవాబు

అమ్మా, నేను షిప్‌యార్డులో 31 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మల్కాపురంలో ఉంటాను. డ్యూటీకి వెళ్లింది సైకిల్ మీదే, ఇప్పుడు 66 ఏళ్లకు కూరగాయలకు వెళ్లేదీ సైకిల్ మీదే. మీరు రెండో ప్రశ్నగా అడిగింది నిజానికి మొదటిది. ముందు సైకిల్ చూసే మనిషిని వెతుక్కోండి, తర్వాత సైకిల్. ఎందుకో చెబుతాను.

కొత్త సైకిల్ మిక్సీలాగా పెట్టెలోంచి తీసి వాడుకునే వస్తువు కాదు. మొదటి నెలలో బ్రేకు తీగలు, గేరు తీగలు సాగుతాయి. చక్రంలో పుల్లలు సర్దుకుని కొన్ని వదులవుతాయి. నట్లు ఒకసారి మళ్లీ బిగించాలి. ఇది లోపం కాదు, ప్రతి సైకిల్‌కూ జరిగేదే. ఆ నెలలో పట్టించుకున్న సైకిల్ పదేళ్లు నడుస్తుంది. పట్టించుకోనిది మీ బాబు సైకిల్ పక్కన చేరుతుంది. చాలామంది సైకిల్ మానేసింది తొక్కలేక కాదమ్మా, బ్రేకు రాసుకుంటుంటే, గేరు పడకపోతుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక.

మంచి షాపు గుర్తుపట్టాలంటే కొనడానికి వెళ్లకండి. మీ బాబు సైకిల్ తీసుకెళ్లండి. పంక్చర్ వేయమని చెప్పి అక్కడే నిలబడి చూడండి.

ట్యూబు బయటికి తీసి గాలి కొట్టి నీళ్లలో ముంచుతాడు, అది అందరూ చేసేదే. చూడాల్సింది ఆ తర్వాత. టైరు లోపల చుట్టూ వేలితో తడిమి ముల్లు ఎక్కడుందో వెతుకుతున్నాడా? వెతకకుండా ట్యూబు లోపలికి తోసేస్తే ఎల్లుండి మళ్లీ అక్కడే పంక్చర్. సొల్యూషన్ రాసిన వెంటనే ప్యాచ్ అంటించేస్తున్నాడా, కాస్త ఆరనిస్తున్నాడా? నట్టు విప్పడానికి సరైన స్పానర్ తీశాడా, కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పేశాడా? ప్లేయరుతో తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఇంక ఆ నట్టు ఎవరికీ లొంగదు. చక్రం బెండు ఉంటే పుల్లల కీతో కొంచెం కొంచెం బిగిస్తూ, తిప్పి చూస్తూ సరిచేసేవాడు పనివాడు. చక్రాన్ని నేలకేసి కొట్టేవాడి దగ్గరి నుంచి వచ్చేయండి.

పని అయ్యాక ఏం చెబుతాడో వినండి. "బ్రేకు రబ్బరు అరిగిపోయిందమ్మా, ఇంకో రెండు నెలలు వస్తుంది, అప్పుడు తీసుకురండి" అన్నవాడిని వదులుకోకండి. ఏదైనా మార్చితే పాతది మీ చేతికి ఇస్తున్నాడో లేదో చూడండి. నా సైకిల్ చూసే కుర్రాడు నిద్రగన్నేరు చెట్టు కింద చిన్న బడ్డీలో ఉంటాడు. పోయినేడాది సీటు మార్చమని వెళ్తే, "ఏటి బాబాయ్, స్ప్రింగు ఇరిగింది గానీ సీటుకేటయింది" అని స్ప్రింగు ఒక్కటే మార్చాడు. సీటు అమ్మితే అతనికి లాభం ఎక్కువ వచ్చేది. ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరు సైకిల్ గురించి అడిగినా అతని దగ్గరికే పంపిస్తున్నాను.

ఇంకో గుర్తు ఉంది. పేపర్ వేసే కుర్రాళ్లు, పాలు పోసేవాళ్లు తమ సైకిళ్లు ఎక్కడ బాగు చేయించుకుంటారో కనుక్కోండి. తెల్లారి నాలుగింటికి సైకిల్ కదలకపోతే వాళ్లకు రోజు గడవదు. వాళ్లు వెళ్లే షాపు అద్దాల షోరూం కాకపోవచ్చు, కానీ పని తెలిసిన షాపు అయి ఉంటుంది.

ఇక సైజు. సీటు దించుకుంటే సరిపోతుందన్న మాట తప్పు. సీటు పైకీ కిందికీ జరుగుతుంది గానీ ఫ్రేము పొడవు మారదు కదా. మీరు ముందుకు సాగాల్సి వచ్చిందంటే ఆ ఫ్రేము మీకు పెద్దది. నడుము నొప్పి, మెడ నొప్పి అక్కడే మొదలవుతాయి. ఇంట్లో ఒక పని చేయండి. చెప్పులు లేకుండా గోడకు ఆని నిలబడి, లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి నొక్కి పెట్టుకుని, దాని పై అంచు గోడ మీద ఎక్కడ తగిలిందో గీత గీయించుకోండి. నేల నుంచి గీత దాకా కొలవండి. మీ ఎత్తుకు 72 సెంటీమీటర్ల దరిదాపుల్లో రావచ్చు. ఆ కొలతను 0.88తో గుణిస్తే, పెడల్ కాడలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 72కు 63 సెంటీమీటర్ల చిల్లర. లెక్క వద్దనుకుంటే సీటు మీద కూర్చుని, పెడల్ కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. కొత్తలో భయం పోయేదాకా దీనికంటే రెండు అంగుళాలు కిందికి పెట్టుకోండి, పర్వాలేదు. కానీ అలాగే వదిలేయకండి, మోకాళ్లు పాడవుతాయి. 15 లేదా 16 అంగుళాల ఫ్రేము అడగండి.

రుషికొండ కుర్రాడు చెప్పిన హైబ్రిడ్ మాట సరైనదే. కాకపోతే వాటిలో చాలావాటికి పెద్ద చక్రాలు వస్తాయి. పొట్టి ఫ్రేముకు పెద్ద చక్రం వేస్తే మలుపు తిప్పేటప్పుడు మీ కాలి వేళ్లు ముందు టైరుకు తగులుతాయి. అందుకని 26 అంగుళాల చక్రాలున్నది, నున్నటి మధ్యరకం టైర్లున్నది వెతకండి. కొనేముందు నెమ్మదిగా వెళ్తూ హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడండి.

మన ఊళ్లో అన్నిటికంటే పెద్ద శత్రువు గాలి. ఉప్పు గాలి. ఓడల తుప్పుతో 31 ఏళ్లు కుస్తీ పట్టినవాణ్ని, నా మాట నమ్మండి. అల్యూమినియం ఫ్రేము కాబట్టి తుప్పు పట్టదని షాపులో చెబుతారు. ఫ్రేము పట్టదు, నిజమే. చైను, తీగలు, నట్లు, పుల్లలు అన్నీ ఇనుమే కదా. వెళ్లేటప్పుడు పర్సులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. చక్రం రిమ్ముకు ఆనించండి. అతుక్కుంటే ఇనుప రిమ్ము. దాని మీద పైన మెరుపు పూత ఉంటుంది, మన దగ్గర రెండు వానాకాలాలకే పూత కింద నుంచి తుప్పు పొక్కుతుంది. పైగా వానలో తడిస్తే ఇనుప రిమ్ము మీద రబ్బరు బ్రేకు సరిగా పట్టదు. అతుక్కోకపోతే అల్యూమినియం, తీసుకోవచ్చు.

బీచ్ రోడ్డుకు వెళ్లొచ్చిన రోజు తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. వారానికోసారి చైను లింకు లింకుకూ ఒక చుక్క నూనె వేసి, నాలుగు తిప్పులు తిప్పి, పైన అంటినదంతా తుడిచేయండి. నూనె ఉండాల్సింది లింకు లోపల. పైన ఉంటే ఇసుక పట్టి చైను ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. కొబ్బరి నూనె వద్దు, అది జిగటగా మారుతుంది. సముద్రం వైపు బాల్కనీలో పెట్టకండి, మెట్ల కింద పెట్టుకోండి.

డిస్క్ బ్రేకులు మంచివే, కానీ మీ మూడు కిలోమీటర్లకు అవసరం లేదు. ఆ డిస్క్ రేకు మీద ఒక్క చుక్క నూనె పడిందంటే బ్రేకు కీచుమంటుంది, పట్టు పోతుంది. రబ్బరు బ్రేకులైతే ఏ షాపులోనైనా దొరుకుతాయి, మీరే మార్చుకోవచ్చు.

విడిభాగాలు దొరికే సైకిల్ కొనుక్కోవడం నా దృష్టిలో బ్రాండు కంటే ముఖ్యం. నా సైకిల్ అట్లాస్. 1951లో సోనీపత్‌లో మొదలైన కంపెనీ. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు, వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. అయినా నా సైకిల్‌కు ఈరోజు కూడా ఇరుసు, గోళీలు, చైను, పెడళ్లు అన్నీ దొరుకుతున్నాయి. ఆ రకం సైకిళ్లకు ఏ కంపెనీదైనా కొలతలు ఒకటే. మీరు చూసే సైకిల్‌కు గేరు మీట, టైరు, బ్రేకు రబ్బరు మామూలు షాపులో దొరుకుతాయా అని అడగండి. "కంపెనీ నుంచి తెప్పించాలి" అన్న జవాబు రెండు మూడుసార్లు వస్తే ఆ మోడల్ వదిలేయండి.

‘గాజువాక 26’ జవాబు

పెద్దాయన చెప్పినవన్నీ బాగున్నాయి కానీ ఆన్‌లైన్ అంత భయపడాల్సిందేమీ కాదు. నేను రెండేళ్ల కిందట తెప్పించాను. 85 శాతం బిగించే వచ్చింది. ముందు చక్రం, హ్యాండిల్, సీటు, పెడళ్లు వీడియో చూసి నేనే పెట్టుకున్నాను. 2,400 మిగిలింది. ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

పాత ఫిట్టర్ జవాబు

బాబూ, నీకు చేతిపని వచ్చు కాబట్టి సరిపోయింది. మా మేనల్లుడు అలాగే తెప్పించుకున్నాడు. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని వాడికి తెలియదు. కుడి పెడల్‌లాగే బలవంతంగా తిప్పాడు. పెడల్ ఉక్కుది, కాడ అల్యూమినియంది. కాడ మర మొత్తం కొరుక్కుపోయింది. నెల తిరగకముందే పెడల్ ఊడి రోడ్డు మీద పడ్డాడు. దేవుడి దయ, వెనక బండి లేదు. ముందు ఫోర్క్ వెనక్కి తిప్పి బిగించుకుని తొక్కేవాళ్లను కూడా బీచ్ రోడ్డులో చూశాను. బ్రేకు ముందు వైపు ఉండాల్సింది లోపలి వైపు కనిపిస్తుంది. అలాంటివాళ్లను ఆపి చెబుతుంటాను.

ఆన్‌లైన్‌లో కొన్నా తప్పు లేదమ్మా. కానీ మిగిలిన డబ్బులోంచి ఐదొందలు పక్కన పెట్టి, పెట్టె విప్పకుండా మంచి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బిగించమనండి. సైజు మాత్రం పెట్టె మీద చదివి తెలుసుకునేది కాదు, ఎక్కి చూసుకోవాల్సిందే.

‘నలభైలో నేర్చుకున్నాను’ అన్న పేరుతో రాసినావిడ జవాబు

టీచర్ గారూ, మీ చెరువు గట్టు కథ చదివి ఆగలేక రాస్తున్నాను. నాకైతే చిన్నప్పుడు ఆ అదృష్టం కూడా లేదు. 41వ ఏట నేర్చుకున్నాను. ఇప్పుడు 44.

మీకు ఒకప్పుడు వచ్చు కాబట్టి ఒంటికి గుర్తుంటుంది, కానీ మొదటి రోజే రోడ్డెక్కకండి. నేను చేసింది ఇది. మెకానిక్ చేత రెండు పెడళ్లూ తీయించేశాను. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా సీటు దించాను. ఉదయం కొంచెం వాలు ఉన్న ఖాళీ చోట కాళ్లతో నేలను తోసుకుంటూ వెళ్లాను, పసిపిల్లల బండిలాగా. నాలుగు రోజులకు రెండు కాళ్లూ ఎత్తి పది పదిహేను గజాలు జారగలిగాను. ఐదో రోజు పెడళ్లు పెట్టించుకున్నాను, అంతే. పడలేదు. వెనక ఎవరో సీటు పట్టుకుని పరిగెత్తే పద్ధతి కంటే ఇది చాలా మేలు. పట్టుకున్నవాళ్లు వదిలేస్తారేమోనన్న భయమే ఉండదు.

అది కాస్త వచ్చాక ఆర్కే బీచ్ దగ్గరికి రండి. తెల్లవారుజామున అక్కడ బీచ్ రోడ్డు మీద కొంతసేపు బండ్లు తిరగనివ్వరు. కురుసుర సబ్‌మెరైన్ ముందు అటూ ఇటూ తిరుగుతుంటే ఎవరూ మనల్ని వింతగా చూడరు. నడిచేవాళ్లు, పిల్లలు, స్కేటింగ్ చేసేవాళ్లు, అందరూ వాళ్ల పనిలో ఉంటారు.

బట్టల గురించి ఎవరూ చెప్పలేదు. చున్నీ ఒంటికి చుట్టి నడుము దగ్గర ముడి వేయండి లేదా సంచిలో పెట్టేయండి. నాది ఒకసారి వెనక చక్రంలో చిక్కుకుంది. నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి సరిపోయింది, మెడ దాకా లాగేసింది. స్కూలుకు చీర కట్టుకుని వెళ్లాల్సి ఉంటే అడ్డ కమ్మీ లేని ఫ్రేము, చైను మీద పూర్తి కవరు, వెనక చక్రానికి చీర గార్డు ఉన్నది తీసుకోండి. "లేడీస్ సైకిల్" అంటే చిన్నచూపు చూసే షాపువాళ్లున్నారు. పట్టించుకోకండి. ఎక్కడం దిగడం సులభం, అది చాలు.

1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్లు వేలల్లో సైకిల్ నేర్చుకున్నారు. పొలం కూలీలు, క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ వాళ్లు, టీచర్లు. వాళ్లలో చాలామంది తొక్కింది మగవాళ్ల సైకిళ్లే. నేను నేర్చుకునే నాలుగు రోజులూ దాని గురించే ఆలోచించాను.

వాల్తేరు టీచర్, ఐదు వారాల తర్వాత

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఏం జరిగిందో చెప్పాలి కదా.

పాత ఫిట్టర్ గారు చెప్పినట్టే బాబు సైకిల్ తీసుకుని మూడు షాపులు తిరిగాను. మొదటి షాపులో పంక్చర్లు వేయం, కొత్త ట్యూబే వేస్తాం అన్నారు. రెండో చోట వేశారు, 40 రూపాయలు. టైరు లోపల తడమలేదు. మూడో రోజుకు గాలి దిగిపోయింది. నిజంగా అలాగే జరిగేసరికి నవ్వొచ్చింది, సంతోషం కూడా వేసింది, ఎందుకంటే ఇంక నాకు చూడటం తెలిసింది. మూడోది ఇసుకతోట వైపు సందులో చిన్న షాపు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. టైరు లోపల తడిమి ఒక గాజు ముక్క తీసి నా చేతిలో పెట్టారు. తర్వాత ఏమీ అడగకుండానే బాబు సైకిల్ హ్యాండిల్ ఒక అంగుళం పైకి లేపి, "బాబు ఎదిగాడు కదమ్మా" అన్నారు. అక్కడే నిర్ణయించుకున్నాను.

నా సైజుది ఆయన దగ్గర లేదు. ఉన్నవాటిలో ఒకటి అంటగట్టకుండా పది రోజులు ఆగమన్నారు. వచ్చాక ముందు తొక్కి చూడమన్నారు, నచ్చకపోతే వద్దన్నారు. అడ్డ కమ్మీ లేనిది, 16 అంగుళాల ఫ్రేము, 26 చక్రాలు, వెనక 7 గేర్లు, రబ్బరు బ్రేకులు. అయస్కాంతం పెట్టి చూశాను, రిమ్ముకు అతుక్కోలేదు. ఆయన అది చూసి, "ఎవరు చెప్పారమ్మా మీకు" అని అడిగారు. షిప్‌యార్డు ఫిట్టర్ గారు చెప్పారన్నాను. 12,600 అయింది. క్యారేజీ, చీర గార్డు, ముందు వెనక లైట్లు, తాళం కలిపి ఇంకో 1,450. హెల్మెట్ విడిగా కొన్నాను. నెలకు మొదటి సర్వీసు ఉచితమని బిల్లు వెనక రాసి ఇచ్చారు.

పెడళ్లు తీసేసి మూడు రోజులు, బీచ్ రోడ్డులో పది రోజులు. మొన్న సోమవారం నుంచి స్కూలుకు సైకిల్ మీదే వెళ్తున్నాను. 14 నిమిషాలు పడుతోంది. మొదటి రోజు పెదవాల్తేరు ఎక్కుడులో సగం దిగి తోసుకెళ్లాను. నిన్న దిగకుండా ఎక్కాను, ఒకటో గేరులో. ఫొటో అన్నయ్యకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. అమ్మ ఫోన్ తీసుకుని మోకాలు జాగ్రత్త అంది.

ఫిట్టర్ గారూ, ఒక సందేహం. ఎక్కుడులో గట్టిగా తొక్కేటప్పుడు కుడి వైపు నుంచి టిక్, టిక్ అని శబ్దం వస్తోంది. చదునులో రావట్లేదు. ఏమై ఉంటుంది?

పాత ఫిట్టర్ జవాబు

చాలా సంతోషం తల్లీ. కుడి కాలు కిందికి నొక్కిన ప్రతిసారీ ఒక్కసారే వస్తోందా, చూడండి. అలా అయితే పెడల్ కొంచెం వదులై ఉంటుంది, లేదా పెడల్ కాడను ఇరుసుకు పట్టి ఉంచే బోల్టు వదులై ఉంటుంది. మొదటి నెలలో వచ్చేదే. కానీ వదులుగా ఉంచి తొక్కితే కాడ రంధ్రం అరిగిపోతుంది, అందుకని సర్వీసు తేదీ దాకా ఆగకండి. రేపు స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఆ షాపు దగ్గర ఆపండి. పెడల్ మర విప్పి, కొంచెం గ్రీజు రాసి బిగించమనండి. ఐదు నిమిషాల పని.